క్రిస్టల్ స్ట్రక్చర్ చూసి ప్రోటీన్ ముద్దకడుతుందో లేదో చెప్పగలమా?

అనంత_పరిశోధన (అనంతపురం):
అందరికీ నమస్కారం. నేను పనిచేసేది ఒక చిన్న బ్యాక్టీరియా ఎంజైమ్ మీద. వంద అమైనో ఆమ్లాలకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. దాని క్రిస్టల్ స్ట్రక్చర్ (ప్రోటీన్‌ను స్ఫటికంగా చేసి ఎక్స్‌రేలతో తీసిన ఆకారం) ఎప్పుడో వచ్చింది, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. అందులో పైపైన ఉన్న ఒక్క ఆమ్లం మార్చాను. ఇప్పుడు ఆ ప్రోటీన్‌ను తయారుచేసే ఈ.కోలై బ్యాక్టీరియాను 18 డిగ్రీల దగ్గర పెంచితే ప్రోటీన్ నీళ్లలో కరిగే వస్తోంది, 37 దగ్గర పెంచితే మొత్తం ఇన్‌క్లూజన్ బాడీల్లోకి (కణంలో పేరుకునే కరగని ప్రోటీన్ ముద్దల్లోకి) పోతోంది. శుద్ధి చేసి దాచుకున్న ట్యూబు కూడా మొన్న రాత్రి కరెంటు పోయాక, తెల్లారేసరికి విరిగిన పాలలా అయిపోయింది. మూడు వారాల పని పోయింది. 'స్ట్రక్చర్ సరిగ్గా చూసి మార్పు చేసి ఉంటే ఇలా అయ్యేది కాదు' అని మా సీనియర్ అంటాడు. 'ముద్దకట్టే సంగతి స్ట్రక్చర్‌లో ఉండదు' అని ఇంకో అక్క అంటుంది. ఎవరి మాట పట్టుకోవాలి?

కడప_అధ్యాపకుడు:
మీ సీనియర్ చెప్పిందే సరి. 124 ఆమ్లాల రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైమ్‌ని విప్పి, మళ్లీ దానంతట అదే ముడుచుకునేలా చేసి చూపినందుకే అమెరికా శాస్త్రవేత్త అన్ఫిన్‌సెన్‌కు 1972లో నోబెల్ వచ్చింది. ఆ ముడతలో ఏది లోపలుంది, ఏది బయటుంది అన్నది తెలిస్తే ప్రమాదం ఎక్కడో సగం తెలిసినట్టే. ముఖ్యంగా బీటా షీట్ (ప్రోటీన్ గొలుసు పోగులు పక్కపక్కన చేరి ఏర్పడే పలక) అంచులు చూడండి. తర్వాత ఇంకో గది కలుపుకోవడానికి మేస్త్రీలు గోడ చివర ఇటుకలను పళ్లలా వదిలేస్తారు కదా, ఆ అంచు అలాంటిది. పక్క ప్రోటీన్ వచ్చి అక్కడ అతుక్కోగలదు. 2002లో శాస్త్రవేత్తలు జేన్, డేవిడ్ రిచర్డ్‌సన్ ఎన్నో స్ట్రక్చర్లు పరిశీలించి, ప్రకృతి ఆ అంచును ఊరికే వదలదని చూపించారు. ఒకచోట చిన్న ఉబ్బు పెడుతుంది, ఒకచోట అడ్డంగా లూప్ కప్పుతుంది, ఒకచోట షీట్ లోపలివైపుకు తిరిగిన, విద్యుదావేశం ఉన్న లైసిన్ అనే ఆమ్లాన్ని కాపలా ఉంచుతుంది. స్ట్రక్చర్ లేకుండా ఇవి కంటికి ఎలా ఆనతాయి?

కంటి_వార్డు (కర్నూలు):
ఒక్క మాట. శుక్లం అంటే కంటి కటకంలో క్రిస్టలిన్ ప్రోటీన్లు ముద్దకట్టడమే. గామా క్రిస్టలిన్ స్ట్రక్చర్ 1981లోనే వచ్చింది. అయినా ఆ బొమ్మ చూసి ఎవరికి ఏ వయసులో శుక్లం వస్తుందో ఎవరూ చెప్పలేరు. కటకం నడిమధ్య ప్రోటీన్లు పుట్టుకతో వచ్చినవి, మళ్లీ కొత్తవి రావు. అన్నేళ్ల ఎండ, షుగర్ వాటి మీద చేసే పని ఏ బొమ్మలో ఉంటుంది?

తుంగభద్ర_తీరం (కర్నూలు):
కడప సార్, మీ మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. క్రిస్టల్ స్ట్రక్చర్ అంటే ప్రోటీన్ కుదురుగా కూర్చున్నప్పుడు తీసిన ఫొటో. అది కాస్త విప్పుకున్న క్షణంలోనే చాలాసార్లు ముద్దకట్టడం మొదలవుతుంది.

మనిషి లైసోజైమ్‌నే తీసుకోండి, 130 ఆమ్లాలు. 56వ స్థానంలో ఐసోల్యూసిన్ బదులు థ్రియోనిన్ ఉన్నవాళ్లకు అది అమైలాయిడ్ అనే కరగని పోగులై అవయవాల్లో పేరుకుంటుందని 1993లో తెలిసింది. 1997లో ఆ మార్పు ఉన్న ప్రోటీన్ స్ట్రక్చర్ వచ్చింది. మామూలు దాని పక్కన పెట్టి చూస్తే దాదాపు ఒకటే! కానీ వేడి చేస్తే పది డిగ్రీలు ముందే విప్పుకుంటుంది. జబ్బుకు మూలం ఆ పది డిగ్రీలు. అవి ఫొటోలో లేవు.

ఇంకొకటి, ఈ.కోలైలో హైప్‌ఎఫ్ అనే ఎంజైమ్ ఉంది. దాని మొదటి ముక్క 91 ఆమ్లాలు. 2002లో దాని క్రిస్టల్ స్ట్రక్చర్ వచ్చింది. ఏ జబ్బుతోనూ సంబంధం లేని ఆ ముక్కను అదే ఏడాది శాస్త్రవేత్త డాబ్సన్ బృందం ముద్దకట్టించి కణాల మీద వేస్తే, తొలి దశ ముద్దలు కణాలను చంపాయి. బాగా ముదిరిన పోగులు అంత హాని చేయలేదు. ఆ ముక్క స్ట్రక్చర్ ఎంతసేపు చూసినా ఈ సంగతి తట్టదు.

మీ ఎంజైమ్‌కు సైజులో దగ్గరగా ఉండేది సల్ఫోలోబస్ ఎసైల్‌ఫాస్ఫటేజ్, 101 ఆమ్లాలు. సల్ఫోలోబస్ ఆర్కియా అనే వేరే రకం సూక్ష్మజీవి, బ్యాక్టీరియా కాదు, అయినా ఇక్కడ పనికొస్తుంది. దీని ముందు భాగంలో పదకొండు ఆమ్లాల తోక ఒక ఆకారంలో నిలవదు. ఆ తోక కత్తిరిస్తే, ముడత విప్పుకోకుండానే ముద్దకట్టే గుణం పోతుంది. ఊగుతూ ఉండే భాగం క్రిస్టల్‌లో కనిపించదు. అంటే గొడవ మొదలయ్యే చోటే బొమ్మ ఖాళీగా ఉంటుంది.

కడప_అధ్యాపకుడు:
లైసోజైమ్ ఉదాహరణ ఒప్పుకుంటున్నాను మేడం, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ తోక విషయం నా వైపే మాట్లాడుతోంది. ఫలానా చోట ఖాళీ ఉందని చెప్పిందే స్ట్రక్చర్ కదా! దాన్ని చదవడం మనం నేర్పడం లేదు. 2024లో నోబెల్ వచ్చాక పిల్లలందరూ ప్రోటీన్ ఆకారాన్ని ఊహించే ఆల్ఫాఫోల్డ్ ప్రోగ్రామ్ బొమ్మలే తెస్తున్నారు, సంతోషమే. అయితే నమ్మకం బాగా తక్కువని ప్రోగ్రామే నారింజ రంగు వేసి చూపిన భాగాన్ని కత్తిరించేసి, అందమైన నీలం భాగం మాత్రం ప్రింటు తీసి పోస్టర్ మీద అంటిస్తున్నారు. చూస్తే బాధేస్తుంది. చూడాల్సింది ఆ నారింజ రంగు భాగాన్నే.

తుంగభద్ర_తీరం:
ఆ మాటకు నేనూ సంతకం పెడతాను సార్. అనంత తమ్ముడూ, నువ్వు మార్చిన ఆమ్లం ఏదో మాత్రం చెప్పలేదు. అసలు ప్రోటీన్, మార్చింది, రెండూ ఏ వేడి దగ్గర విప్పుకుంటున్నాయో కొలిచావా?

అనంత_పరిశోధన:
కొలవలేదు మేడం. కడప సార్ రాసింది చదివి రాత్రి మళ్లీ స్ట్రక్చర్ తెరిచాను. నేను మార్చింది లైసిన్. బీటా షీట్ అంచులో, లోపలివైపుకు తిరిగి ఉంది. దాన్ని వాలిన్ చేశాను. కాపలావాడిని నేనే తీసేశానేమో అని నిద్ర పట్టలేదు. కానీ 18 దగ్గర బాగానే ఉండి 37 దగ్గర ఎందుకు చెడుతోందో అంచు ఒక్కటే చెప్పదు కాబట్టి మీరన్న కొలత కూడా కావాలి. ఆ పరికరం మా దగ్గర లేదు. మీ దగ్గర ఉంటే చెప్పండి, సోమవారం తెల్లవారుజామున బస్సెక్కి రెండు ట్యూబులూ ఐసులో పెట్టుకుని కర్నూలు వస్తాను.