2014 రాజ్యసభ చీటీల అసలు జాబితా ఎక్కడ దొరుకుతుంది?

రాష్ట్ర విభజనప్పుడు లోక్‌సభ లెక్క తేలిగ్గానే తెగింది: 42 స్థానాల్లో 25 ఆంధ్రప్రదేశ్‌కు, 17 తెలంగాణకు. రాజ్యసభ సభ్యులకు నియోజకవర్గాలుండవు కదా! అందుకే 18 స్థానాలను 11, 7గా పంచి, అప్పటి సభ్యుల పేర్లతో చీటీలు తీశారు. తెరాస నేత కె.కేశవరావు ఆంధ్రప్రదేశ్ వాటాలోకి, ఆంధ్ర ప్రాంత కాంగ్రెస్ నేత కె.వి.పి.రామచంద్రరావు తెలంగాణ వాటాలోకి వెళ్లడం అప్పట్లో పెద్ద వింత. 2020 దాకా ఇద్దరూ అలాగే కొనసాగారు.

పదవీకాలం ముగిసే ఏడాది వారీగా ఎవరు ఏ రాష్ట్రానికి పడ్డారో చూపే అధికారిక ప్రకటన ఎవరి దగ్గరైనా ఉందా? పత్రికల కత్తిరింపులు వద్దు, అసలు పత్రమే కావాలి.

ఇంకొకటి: 1956లో హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైనప్పుడు దాని రాజ్యసభ సభ్యులను ఎలా సర్దారు? అప్పుడూ చీటీలేనా?