అప్‌డేట్: వంకర ముక్కు శస్త్రచికిత్స తర్వాత

పాత దెబ్బ వల్ల ఎడమకు వంగిన ముక్కును శస్త్రచికిత్సతో సరిచేయిస్తే శ్వాస కూడా మెరుగుపడుతుందా, వంకర మళ్లీ వస్తుందా అని ఇదివరకు అడిగాను. ఆ శస్త్రచికిత్స పూర్తయింది.

పైకి కనిపించే ఎముకను జరిపినంత మాత్రాన చాలదని, లోపల రెండు రంధ్రాలను వేరుచేసే మధ్యగోడ వంకరగా ఉన్నంతవరకు ముక్కు దాని వెంటే పోతుందని సర్జన్ వివరించారు. అందుకే మధ్యగోడ మృదులాస్థిలో (వంగే మెత్తని ఎముకలో) పైఅంచునా ముందంచునా సుమారు 1 సెంటీమీటరు వెడల్పు ఆధారంగా ఉంచి మిగతాది తీసి, ఆ ముక్కతోనే సన్నని పట్టీలు చేసి ముక్కుదూలం లోపల కుట్టారు. ఎముకలను కూడా కోసి మధ్యకు జరిపారు. బయటి కట్టు వారానికి తీశారు.

మూసుకుపోయినట్టుండే కుడి రంధ్రంలో ఇప్పుడు గాలి ధారాళంగా ఆడుతోంది, నోరు తెరిచి నిద్రపోవడం తప్పింది. రూపం విషయంలో మాత్రం అప్పుడే తీర్పు చెప్పలేను. వాపు, ముఖ్యంగా కొన దగ్గర, పూర్తిగా తగ్గడానికి ఏడాది, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. కింది నుంచి చూస్తే కొన ఇంకా కాస్త ఎడమకే ఉంది. మృదులాస్థికి పాత వంపు వైపు మళ్లే గుణం ఉన్నందున కొంత వంకర మిగలవచ్చని ముందే చెప్పారు. మళ్లీ సరిచేయాలా వద్దా అన్నది వాపు తగ్గాకే చూద్దామన్నారు, నాకూ అదే సబబనిపించింది.