టైప్ వన్ (ఒంట్లో ఇన్సులిన్ తయారవని షుగర్ జబ్బు) ఉన్న చిన్నపిల్లలకి షుగర్ సెన్సర్ కావాలా, వేలి సూది చాలదా?

పటమట_అమ్మ: మా బాబుకి అయిదేళ్ళు, టైప్ వన్. చేతికి అంటించే సెన్సర్ పెట్టించాక రాత్రిపూట షుగర్ 70 కంటే దిగితే ఫోన్ మోగుతోంది. లేపి గ్లూకోజ్ నీళ్ళు తాగిస్తున్నాను. ఈ వయసు పిల్లలు కళ్ళు తిరుగుతున్నాయని కూడా చెప్పలేరు. స్తోమత ఉన్నవాళ్ళు తప్పక పెట్టించాలి.

బ్రాడీపేట_నాన్న: మా పాపకి పెట్టించి తీసేశాం. అర్ధరాత్రి సెన్సర్ 62 అంది, వేలి రక్తం చూస్తే 94. దేన్ని నమ్మాలి? నాలుగైదు వేల రూపాయలు పోసి కొన్నది 14 రోజులు రావాలి. మే నెల చెమటకి సగంలోనే ఊడింది.

పటమట_అమ్మ: సెన్సర్ కొలిచేది రక్తాన్ని కాదండీ, చర్మం కింద కణాల మధ్య ఉండే నీటిని. అది రక్తం కంటే 5 నుంచి 15 నిమిషాలు వెనకబడుతుంది. ఆ చేతి మీదే పడుకుంటే లేని తక్కువ చూపిస్తుంది. అనుమానమొస్తే వేలు పొడిచి చూసుకోవాల్సిందే. కానీ అంకె పక్కన బాణం ఉంటుంది చూడండి, షుగర్ పడిపోతోందా, నిలకడగా ఉందా అని. అది వేలి రక్తం చూసే మీటరులో ఉండదు.

బెజవాడ_బాబాయ్: అంటించే ముందు స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. పైన టేపు వెయ్యండి.

బ్రాడీపేట_నాన్న: బాణం సరే. 62 ఎక్కడ, 94 ఎక్కడ?

పటమట_అమ్మ: ఆ అంకెనే పట్టుకు కూర్చున్నారు. స్కూల్లో పాపకి వేలు ఎవరు పొడుస్తున్నారు?

బ్రాడీపేట_నాన్న: స్కూల్లో చెప్పలేదు. మా వాళ్ళ పెళ్ళిలో చేతి మీద బిళ్ళ చూసి ఒకటే ప్రశ్నలు. "ఆడపిల్ల, రేపు సంబంధాలెలా వస్తాయిరా" అని మా మేనత్తే అంది. మగపిల్లాడి తల్లి మీరు, మీకేం తెలుసు మా బాధ?

పటమట_అమ్మ: ఇందుకా తీసేసింది! డాక్టరు రాసిస్తే ఇలాంటి పిల్లలు క్లాసులోనే షుగర్ చూసుకోవచ్చు, ఇన్సులిన్ తీసుకోవచ్చు, ఏదైనా తినొచ్చు అని జాతీయ బాలల హక్కుల కమిషన్ 2023లో రాష్ట్రాలకి రాసింది. దాచిపెడితే ఇవేవీ పాపకి దక్కవు.

బ్రాడీపేట_నాన్న: ఉత్తరాలతో ఊరి నోళ్ళు మూయలేం.

కొత్తపేట_అమ్మమ్మ: బాబూ, మా మనవరాలికి నెలకి ఒక్క సెన్సరే కొనగలుగుతున్నాం. అది అయిపోయాక మిగతా రోజులు రాత్రిళ్ళు పక్కనే కూర్చుని ఒళ్ళు చల్లబడిందేమోనని తడిమి చూస్తుంటాను. మీరు కొనగలిగీ తీసేశారంటే కడుపు రగిలిపోతోంది.

పటమట_అమ్మ: పొడుగు చేతుల చొక్కా వెయ్యండి, చుట్టాలకి చూపించొద్దు. క్లాస్ టీచరుకి మాత్రం చెప్పండి.

బ్రాడీపేట_నాన్న: టీచరుకి చెబితే స్కూలంతా తెలుస్తుంది. మా పాప సంగతి మేం చూసుకుంటాం.

పటమట_అమ్మ: పోనీ, బ్యాగులో గ్లూకోజ్ పొడి పెట్టి ఎప్పుడు నోట్లో వేసుకోవాలో పాపకైనా నేర్పారా?