బీటీ పత్తిలో ఓడిపోయింది జన్యువా, దాన్ని వాడిన తీరా?

బ్యాక్‌బెంచ్_బయోటెక్:
డిగ్రీ ఫైనలియర్. జెనెటిక్ ఇంజినీరింగ్ సెమినార్‌కు బీటీ పత్తి తీసుకున్నాను. బాసిల్లస్ థురింజియెన్సిస్ అనే నేల బ్యాక్టీరియాలోని, పురుగును చంపే విషం తయారుచేసే క్రై1ఏసీ జన్యువును పత్తిలో చేర్చారు, 2002లో మన దేశంలో అనుమతి వచ్చింది, 2006లో క్రై2ఏబీ కూడా కలిపి బోల్‌గార్డ్-2 తెచ్చారు. ఇక్కడి దాకా పుస్తకంలో ఉంది. ఇప్పుడు గులాబీ రంగు పురుగు రెండింటినీ తట్టుకుంటోంది. రైతులు రెఫ్యూజీ, అంటే చేను చుట్టూ బీటీ లేని మొక్కల వరుసలు, వేయకపోవడమే కారణమని మా సార్ అంటారు. టెక్నాలజీయే ఫెయిలని రూమ్మేట్ వాదన. ఏది రాయాలి?

చెలక_పిలగాడు:
మీ సార్‌ను ఒకసారి మా చెలకకు తీసుకురా తమ్ముడూ. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో 120 గ్రాముల నాన్ బీటీ ప్యాకెట్ ఇచ్చేవాళ్లు, చేను చుట్టూ వేయమని. ఉన్నదే రెండెకరాలు, అదీ కౌలు. పురుగును మేపడానికి వరుసలు వదలమంటే ఎవరు వదులుతారు? మా ఊళ్లో ఆ ప్యాకెట్లు గట్ల మీదే పడి ఉండేవి. కొన్నింట్లో కందులు వచ్చేవి. అవి మాత్రం వేశాం, పప్పుకైనా పనికొచ్చాయి.

మెండెల్_మనవరాలు:
ఆ కందుల దగ్గరే అసలు విషయం ఉంది. తట్టుకునే గుణం సాధారణంగా రిసెసివ్, అంటే తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడుతుంది. బీటీ చేలో బతికిన ఒకటీ అరా పురుగు, రెఫ్యూజీలో పెరిగిన మామూలు పురుగుతో జతకడితే పిల్లలు బీటీ తిని చస్తాయి. రెఫ్యూజీ పెట్టేది ఇందుకే. శనగపచ్చ పురుగు కంది, శనగ, టమాటా అన్నీ తింటుంది కాబట్టి దానికి ఊరంతా రెఫ్యూజీయే. గులాబీ పురుగుకు దాదాపు పత్తి తప్ప వేరే తిండి లేదు. దానికి కంది వేసినా వేయకపోయినా ఒకటే.

రైతును తిట్టేముందు ఇంకోటి చూడండి. మన దగ్గర అమ్మింది హైబ్రిడ్ విత్తనం, అంటే రెండు వేర్వేరు రకాలను కలిపి తీసింది. అందులో రెండు జన్యువులూ ఒక్కో ప్రతే ఉంటాయి. అలాంటి మొక్క కాయలో గింజలు 9:3:3:1గా విడిపోతాయి. పదహారింట ఒక గింజలో ఏ విషమూ ఉండదు, ఆరింట్లో ఒక్కటే ఉంటుంది. గులాబీ పురుగు తినేది ఆ గింజల్నే. పైకి కాయ నిక్షేపంగా ఉంటుంది, చీల్చి చూస్తే లోపల గింజ తొలిచేసి ఉంటుంది. విషం ఒక గింజలో ఉండి పక్క గింజలో లేకపోతే, సగం సగం తట్టుకునే పురుగు కూడా గట్టెక్కుతుంది. ఇది రైతు చేసిన ఏర్పాటు కాదు.

ఎర్రనేల:
అంటే టెక్నాలజీ ఫెయిలైనట్టే కదా మేడమ్. రెండెకరాల కౌలు చేలో నిలబడనిది ల్యాబ్‌లో ఎంత గొప్పదైతే ఏం లాభం?

మెండెల్_మనవరాలు:
ఒప్పుకోను. ఇవే జన్యువులను అమెరికాలో హైబ్రిడ్‌లో కాకుండా సూటి రకాల్లో (తరం మారినా గుణం మారని రకాలు) పెట్టారు, అక్కడ కాయలో ఈ విడిపోవడం లేదు. దానికి తోడు గొడ్డుగా మార్చిన రెక్కల పురుగులను విమానాల్లోంచి వదిలారు. 2018లో గులాబీ పురుగు తమ పత్తి చేలల్లో లేదని ప్రకటించారు. జన్యువు అదే, పురుగు అదే. ఇంకో మాట, 1997-98లో వరంగల్ చేలల్లో పురుగు మందులు కొట్టి కొట్టి అప్పుల పాలైన వాళ్లున్నారు. అప్పటి శనగపచ్చ పురుగు మీద బీటీ నేటికీ చాలావరకు పనిచేస్తోంది. ఫెయిల్ అనే ముందు ఏ పురుగు మీదో చెప్పండి.

ఎర్రనేల:
సరే, శనగపచ్చ వరకు మీ మాటే. మరి హైబ్రిడ్‌గానే ఎందుకు అమ్మారు? రైతు ఏటా మళ్లీ కొనాలనేగా? ఆ సంగతి సెమినార్‌లో పెట్టకపోతే సగం కథే చెప్పినట్టు.

మెండెల్_మనవరాలు:
అది మాత్రం పెట్టాల్సిందే. తమ్ముడూ, రెఫ్యూజీ స్లయిడ్ పక్కనే 9:3:3:1 చతురస్రం గీయి. మీ సార్ వాదన అక్కడే తేలిపోతుంది.

బ్యాక్‌బెంచ్_బయోటెక్:
థాంక్యూ మేడమ్. అన్నా, డిసెంబరుకల్లా పత్తి కట్టె పీకేస్తే పురుగుకు తిండి దొరకదని చదివాను. అదైనా చేయొచ్చు కదా?

చెలక_పిలగాడు:
వానాధారం చేలల్లో చాలామంది పీకేస్తారు. బోరు ఉన్నవాడు మార్చి దాకా కాయ తీస్తాడు. జనవరిలో ధర ఎక్కినప్పుడు వాడి దగ్గరికెళ్లి పీకమని చెప్పి చూడు.