కెల్ప్ అడవులను కథలు కాపాడతాయా?

గవ్వ:
కెల్ప్ అంటే చల్లటి సముద్రాల్లో చెట్లలా పెరిగే పెద్ద నాచు. జనానికి సముద్రం మీద మమకారం పుట్టనిదే ఆ కెల్ప్ అడవులు మిగలవని, ఆ మమకారం పుట్టించేది కథలేనని నా వాదన. దక్షిణాఫ్రికానే చూడండి. కేప్ తీరం నుంచి నమీబియా వైపు వెయ్యి కిలోమీటర్లకు పైగా నీళ్లలో అడవి ఉంది. సినిమాలు తీసే క్రెయిగ్ ఫోస్టర్ వాళ్లు 2012లో సీ ఛేంజ్ ప్రాజెక్ట్ మొదలుపెట్టి, దాన్ని 'గ్రేట్ ఆఫ్రికన్ సీఫారెస్ట్' అని పిలవడం మొదలెట్టారు. 2020లో ఆయనకీ అక్కడి ఒక ఆక్టోపస్‌కీ కుదిరిన స్నేహం మీద 'మై ఆక్టోపస్ టీచర్' డాక్యుమెంటరీ వచ్చింది, మరుసటి ఏడాది ఆస్కార్ కూడా. ఒడ్డుకు కొట్టుకొచ్చి కుళ్లే నాచుగా చూసినదాన్ని ఇప్పుడు చాలామంది అడవి అంటున్నారు. పేరు లేని అడవి పోతే అడిగేవాళ్లెవరు?

లెక్కలమాస్టారు:
సినిమా నాకూ నచ్చింది, చివర్లో కళ్లు చెమర్చాయి. కానీ కథ కంచికి, మనం ఇంటికి. నీళ్లలో ఏం మారింది?

ఉత్తర కాలిఫోర్నియాలో ఏం జరిగిందో చూడండి. 2013లో నక్షత్ర చేపలకు జబ్బు మొదలైంది. వాటిలో సన్‌ఫ్లవర్ స్టార్ అని ఒకటుంది, దాదాపు మీటరు వెడల్పు పెరుగుతుంది. సీ అర్చిన్లు, అంటే ఆ ముళ్ల బంతులు, దాని తిండి. జబ్బుతో ఆ నక్షత్ర చేప దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. 2014 నుంచి సముద్రం వేడెక్కింది. కెల్ప్‌కి చల్లటి నీళ్లు, వాటితో వచ్చే నైట్రేట్ అనే పోషకం కావాలి, రెండూ అందలేదు. మిగిలింది ఊదా అర్చిన్లు నమిలేశాయి. కెల్ప్ 90 శాతానికి పైగా పోయింది. 2018లో అబలోన్ అనే తినే సముద్రపు నత్తల సరదా వేట కూడా ఆపేశారు. ఇందులో కథ ఎక్కడ తక్కువైంది? అక్కడివాళ్లు అబలోన్ కోసం తరతరాలుగా ఆ నీళ్లలో దిగినవాళ్లే, సముద్రంతో బంధం లేనివాళ్లు కాదు.

పైగా తిండి లేకపోయినా అర్చిన్ చావదు. లోపల ఖాళీ డొల్లగా ఏళ్ల తరబడి ఉండి, మొలక కనిపించగానే తినేస్తుంది. దాన్ని సుత్తితో కొట్టాలి, లేదా చేత్తో ఏరాలి. కథలకు పెట్టే డబ్బేదో డైవర్లకివ్వండి, కెమెరాలకు కాదు.

గవ్వ:
ఆ సుత్తి పట్టిందెవరు మాస్టారూ? కాలిఫోర్నియాలోనే మాంటెరీ దగ్గర ట్యాంకర్ రీఫ్‌లో అర్చిన్లను కొట్టడానికి 2021లో అనుమతి ఇస్తే, దిగింది జీతం లేని స్వచ్ఛంద డైవర్లు. చలికి వణుకుతూ ఊరికే వచ్చారా?

అలలపిచ్చి:
అర్చిన్లను తినే సముద్రపు నీటికుక్కల్ని వదిలితే సరిపోదా? ఒక్కోటి రోజుకి తన బరువులో నాలుగో వంతు తింటుందట!

లెక్కలమాస్టారు:
డొల్ల అర్చిన్‌లో మాంసం ఏముంటుందండీ? మాంటెరీలో అవి కెల్ప్ మిగిలిన చోట బలిసిన అర్చిన్లనే తింటున్నాయి. అంటే ఉన్న అడవికి కాపలా కాస్తాయి. అర్చిన్లు తినేసిన బోడి నేలను అవీ పట్టించుకోవు.

తెరచాప:
మీరిద్దరూ ఒకటి వదిలేశారు. కథ గెలిచిన చోటూ, అడవి చచ్చిన చోటూ ఒకటి కాదు. దక్షిణాఫ్రికా కెల్ప్ కాలిఫోర్నియాలో లాగా కూలిపోలేదు, పైగా తూర్పుకు పాకుతోంది. అక్కడి పెద్ద గొడవ అబలోన్ దొంగ వేట.

కాలిఫోర్నియాలో లాగే కూలింది ఆస్ట్రేలియా దీవి టాస్మానియాలో. జెయింట్ కెల్ప్ సుమారు 95 శాతం పోయింది. 2012లో ఆస్ట్రేలియా దాన్ని ప్రమాదంలో ఉన్న జీవసముదాయంగా ప్రకటించింది. వేడి ప్రవాహం వెంట పొడుగు ముళ్ల అర్చిన్ దక్షిణానికి దిగింది. దాన్ని తినగల పెద్ద లాబ్‌స్టర్లను మనుషులు అప్పటికే పట్టేశారు. ఇక్కడ ఏ కథ చెబుతారు? ఆక్టోపస్ అంటే ముద్దొస్తుంది. 'లాబ్‌స్టర్ వేట తగ్గించండి' అంటే ఎవరికీ కళ్లు చెమర్చవు. (నాకూ చెమర్చవు, నిజం చెప్పాలిగా.)

అలాగని మాస్టారు చెప్పిన సుత్తి ఒక్కటే దారి కూడా కాదు. న్యూజిలాండ్‌లోని లీ దగ్గర 1975లో రక్షిత ప్రాంతం ఏర్పడింది. వేట ఆగాక అర్చిన్లను తినే స్నాపర్ చేపలు, లాబ్‌స్టర్లు పెరిగాయి, అర్చిన్లు తగ్గాయి, ఏళ్లు గడిచాక కెల్ప్ తిరిగొచ్చింది. దాని వెనక బిల్ బాలంటైన్ అనే శాస్త్రవేత్త పదేళ్ల ప్రచారం ఉంది. దాన్ని కథ అంటారో, పోరు అంటారో మీ ఇష్టం. ఆ మాటలన్నీ చివరికి ఒక నిబంధనగా మారాయి, నాకు కావలసింది అది.

గవ్వ:
లాబ్‌స్టర్ కథ కష్టమే, ఒప్పుకుంటాను. కానీ ఆ డొల్ల అర్చిన్ సంగతి నాకిప్పుడే తెలిసింది. ఆకలితో ఏళ్ల తరబడి కాచుకుని కూర్చునే ప్రాణి! దాని మీద రాయబుద్ధేస్తోంది.

లెక్కలమాస్టారు:
రాయండి, తప్పకుండా చదువుతా. డబ్బు విషయంలో మాత్రం నా మాట మారదు.