చిట్టీ ఇప్పుడే పాడి కార్డు బాకీ, నోటు బాకీ తీర్చడం లాభమేనా?

లెక్క తెలిసినవాళ్లు కాస్త చూసి చెప్పండి. ఇంటికి వచ్చేది నెలకు రూ.38,000. బాకీలు ఇవి: క్రెడిట్ కార్డు 85,000, నెలకు 3.5 శాతం, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు 3,510. ప్రామిసరీ నోటు 2,00,000, రెండు రూపాయల వడ్డీ, అంటే 4,000. బంగారం మీద 1,50,000, రూపాయి వడ్డీ. దాన్ని ఇప్పుడు కదపం.

రెండు లక్షల చిట్టీ ఉంది, 20 నెలలది. 9 వాయిదాలు కట్టేశాం. ఈ నెల 40,000 తగ్గించి పాడితే 1,60,000 చేతికొస్తుంది. ఆఖరిదాకా ఆగితే కమీషన్ 5 శాతం పోను 1,90,000. ఆ తేడా 30,000ని 11 నెలలకు పంచితే రూపాయి డెబ్బై పైసల వడ్డీ పడుతోంది. కార్డు కంటే చాలా నయం, నోటు కంటే కొంచెమే నయం. పాట దాదాపు 44,000 దాటితే నోటుకు కట్టడం దండగే అనిపిస్తోంది.

కార్డు మొత్తం కట్టేసి, మిగతా 75,000 నోటుకు జమ చేద్దామని ఆలోచన. మినిమమ్ డ్యూ కడుతూపోతే అసలు కదలడం లేదు, పాత బాకీ ఉండగా కొత్తగా గీకినదానికి మొదటి రోజునుంచే వడ్డీ.

సందేహాలు రెండు. నోటు చెల్లే గడువు మూడేళ్లు, అది ఇంకో రెండు నెలల్లో నిండుతుంది. ఇంత కట్టామని నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే చాలా, లేక 1,25,000కి కొత్త నోటు రాసి పాతది చించేయించాలా? చిట్టీకి జీతం వచ్చే ఉద్యోగుల జామీను దొరక్కపోతే ఫిక్స్‌డ్ డిపాజిట్ కాకుండా ఇంకేం ఒప్పుకుంటారు?