పాత వసారా: బాగు చేయించాలా, తీసేసి కొత్తది వేయాలా?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లెటూరు. 2018 తిత్లీ తుఫానుకి మా పెంకుటింటి వసారా పెంకులు ఎగిరిపోతే అప్పుడు మార్పించాం గానీ, ఇప్పుడు రెండు స్తంభాల అడుగున చెదలు పట్టి కర్ర పొడిపొడిగా రాలుతోంది. మేస్త్రీ అంతా తీసేసి రేకులు వేద్దామంటున్నాడు. అమ్మ పగలంతా అక్కడే కూర్చుంటుంది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: తొందరపడకండి అన్నా. ప్రతి స్తంభం, దూలం, వాసం స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, మెత్తగా దిగిపోతే ఆ కర్ర పనికిరాదు. స్తంభాలే పోతే పైకప్పుకి ఊతకర్రలు పెట్టి అవి మాత్రం మార్చొచ్చు, కింద రాయి వేసి నిలబెట్టండి, మట్టిలో పాతితే మళ్లీ చెదలే.

ఇంకొకరు: దూలం గోడలోకి దిగే చోట తప్పకుండా చూడండి, అక్కడ పుచ్చితే మాత్రం మొత్తం మార్చాల్సిందే. రేకులైతే ఎండాకాలం అమ్మగారు కింద కూర్చోలేరు.

అడిగినవారు: చూశాను, దూలం గట్టిగానే ఉంది. స్తంభాలు రెండూ మార్పిస్తున్నా. అప్పటిదాకా అమ్మని లోపలే కూర్చోమన్నాను.